రెండు జాబులకు ఒక్క ప్రత్యుత్తరం

పలుకు తల్లివి నీవమ్మ! పంపినట్టి
జాబు దారిని తప్పక జాడ తెలిసి
మరలి వచ్చుట నీ దయ, మనసు లెపుడు
కలిసి యుండగ దీవించు కరుణతోడ.

హైమవతి రచించిన లైబ్రరీ పేరు ప్రవర. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు. ఇతర ప్రోగ్రాములు అవసరమైనప్పుడు పిలిచి వాడుకొనేందుకు సిద్ధం చేసి ఉంచిన సూత్రాల కట్ట. ఈ కట్ట చేసే పని ఒక్కటే. ఎవరైనా ఒక మెయిల్‌కు ప్రత్యుత్తరం రాసినప్పుడు, అది ఏ జాబుకు పుట్టిందో, ఆ జాబు మరి దేనికి పుట్టిందో, మొదటిదాకా తప్పకుండా చెప్పించడం. ప్రతి జాబుకూ ఒక ఐడీ ఉంటుంది. ప్రత్యుత్తరం నెత్తిమీద, చదివేవారి కంటికి ఆనని హెడర్ అనే భాగంలో, తల్లిజాబు ఐడీ మొదట, దాని పూర్వుల ఐడీలు ఆ తరువాత కూర్చుంటాయి. హైమవతి తండ్రి వేదపండితుడు. ఆయన శిష్యులు చెవులు పట్టుకొని, వంగి, తమ వంశపు ఋషుల పేర్లను ప్రవరగా చెప్పుకొని పెద్దలకు నమస్కరించడం చూస్తూ ఆమె పెరిగింది. మెయిల్ హెడర్లను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఆ వంగిన వీపులే గుర్తుకు వచ్చాయి. లైబ్రరీకి పేరు అలా కుదిరింది.

హార్సిలీ కొండమీద ఆమె పనిచేసే ప్రయోగశాలకు రెండు బాధ్యతలు. దక్షిణ ధ్రువఖండపు తీరంలోని పరిశోధన శిబిరానికి ఇక్కడినుంచి వెళ్ళే జాబులు, అక్కడినుంచి వచ్చే జాబులు దాని చేతుల మీదుగా నడుస్తాయి. అక్కడి చలికాలంలో ఫోన్లు పనిచేయవు. రోజుకు రెండు మార్లు అక్షరాలు మాత్రమే ఆకాశమార్గాన వస్తాయి. రెండవ బాధ్యత మణికోశం. అరచేయంత స్ఫటికపు పలకను ఘోరమైన చలిలో ఉంచి, జాబులను అందులో వెలుగు గీతలుగా దాచడం ఆ ప్రయోగం. పలక ఎంతకాలం గుర్తుపెట్టుకోగలదో తెలుసుకోవాలని మొదలుపెట్టారు. అది ఇంకా జరగనిదాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

బయటపెట్టింది ప్రవరే. తల్లిజాబు ఎక్కడా దొరకని ప్రత్యుత్తరాలు పలకలో కనబడుతున్నాయని అది మొర పెట్టుకొనేది. మూడుసార్లు వెదికి, దొరక్కపోతే వాటిని చెత్తలో వేసేది. అలా పారవేసిన ప్రత్యుత్తరాలే రెండు మూడు వారాల తరువాత నిజంగా శిబిరంనుంచి రావడం ప్రయోగశాల అధిపతి డాక్టర్ ఖలీల్ గమనించాడు. ఒకసారి కాదు, పదమూడుసార్లు. ఇంకా ఎవరూ రాయని జాబులకు, ఇంకా ఎవరూ రాయని ప్రత్యుత్తరాలవి. వాటి హెడర్ మామూలుగానే చదువుకోవచ్చు. లోపలి మాటలు మాత్రం పలక మీద ఆకుపచ్చ దీపం వెలిగిస్తే తప్ప కనబడవు.

చిక్కంతా ఐడీ దగ్గరే ఉంది. ప్రవర ఒక జాబుకు ఐడీ కట్టేటప్పుడు అందులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క కామా మారినా మరో ఐడీ వస్తుంది. కనుక ముందుగా వచ్చిన ప్రత్యుత్తరం ఒకే ఒక్క జాబుకు చెందుతుంది. ఆ మాటలతో, ఆ వరుసలో రాసిన జాబుకు. ఆ పదమూడూ కుదిరాయంటే, రాసినవారికి ఏమీ తెలియకపోవడం వల్లనే కుదిరాయి.

ఆషాఢమాసంలో ఒక గురువారం ఉదయం ప్రవర మళ్ళీ మొర పెట్టుకుంది. హైమవతి తెర దగ్గరకు జరిగి చూసింది. ప్రత్యుత్తరం రాసినది శాంభవి. నాటికి పదకొండు రోజుల తరువాతి తేదీ, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. తల్లిజాబు ఐడీ చివర ఉన్నది హైమవతి సొంత యంత్రం పేరు.

శాంభవి ఆమె కూతురు. ఇరవై నాలుగేళ్ళది; ధ్రువ శిబిరంలో గాలినీ మంచునూ కొలిచే ఉద్యోగం. కూతురు జాబు రాయడంలో వింత లేదు. అయితే ఆ హెడర్ ఉండవలసినదానికంటే పొడుగుగా ఉంది. హైమవతి లైబ్రరీని పక్కకు తప్పించి, హెడర్‌ను ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీద అచ్చు తీసింది. తల్లిజాబు ఉండవలసిన చోట రెండు ఐడీలున్నాయి. రెండవదాని చివర ప్రొద్దుటూరులోని వకుళ యంత్రం పేరుంది.

వకుళ ఆమె చెల్లెలు. శాంభవిని కన్నది వకుళ.

హైమవతి కడుపున ఇద్దరు బిడ్డలు పుట్టి నిలవలేదు. మూడవ కాన్పులో వకుళకు ఆడపిల్ల పుట్టినప్పుడు, పదకొండవ రోజున, పేరు పెట్టే పీటల మీద వకుళ ఆ పిల్లను అక్క ఒడిలో పెట్టింది. భర్తలిద్దరూ ముందే ఒప్పుకొన్నారు. మంత్రం చెప్పించి పిల్లను హైమవతి గోత్రంలో కలిపారు. పిల్లకు పదేళ్ళు వచ్చినప్పుడు నిజం చెబుదామని వకుళ అన్నది. హైమవతి ఆ రోజు చెల్లెలిచేత అహోబిలం స్వామి మీద ఒట్టు వేయించుకొంది, ఎన్నడూ చెప్పనని. అందుకు కారణం భయం తప్ప మరొకటి కాదు. ఆ సంగతి ఆమెకు ఒట్టు వేయించుకొన్ననాడే తెలుసు.

ఒక పిల్ల ఇద్దరికీ కలిపి ఒక్క ప్రత్యుత్తరం రాస్తోందంటే, ఇద్దరూ ఆ పిల్లకు ఏదో చెప్పారన్నమాట. ఏమి చెప్పారో ఊహించడానికి శాస్త్రం అక్కరలేదు. పిల్ల ఏమన్నదో మాత్రం ఆకుపచ్చ దీపానికే తెలియాలి.

రెండవ ఐడీని తెరమీద ఇంతవరకూ దాచిపెట్టింది ఎవరో కాదు, ఆమే. ఆరేళ్ళ కిందట ఆ సూత్రం రాస్తున్నప్పుడు తోటి ఉద్యోగి ఒకరు, ప్రత్యుత్తరానికి ఇద్దరు తల్లులుంటే ఏమి చేస్తుందని అడిగారు. దత్తత వెళ్ళినవాడు కూడా ఒక్క ప్రవరే చెప్పుకుంటాడని, మొదటిది ఉంచి తక్కినది వదిలేయమని ఆమె సమాధానం చెప్పి, అలాగే రాసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త నరహరితో అన్నీ చెప్పింది. ఆయన ప్రాచ్య కళాశాలలో సంస్కృతం చెప్పి విరమించినవాడు. వింటూ వింటూ వడియాల పళ్ళెం ఎండనుంచి లోపలికి తెచ్చాడు. ప్రత్యుత్తరం ముందే రావడం ఆయనను అంతగా ఆశ్చర్యపెట్టలేదు. సూత్రం విన్నప్పుడు మాత్రం చేతిలోని పళ్ళెం కింద పెట్టాడు.

"తప్పు చెప్పినావే హైమా. ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ వీడు మనిద్దరికీ బిడ్డ అని మాట అనుకుంటే, ఆ పిల్లోడు రెండు ప్రవరలూ చెప్పాల. ఒకటి మింగితే నమస్కారమే చెల్లదు. మీ నాయన నీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటాడు. నాకు కావల్సింది మాత్రం గుర్తు పెట్టుకున్నా."

ఆయన వడియాలను డబ్బాకు ఎత్తుతూ, దీపం వెలిగించి చూస్తావా అని మాత్రం అడిగాడు. తెలియదన్నది హైమవతి. చూస్తే ధైర్యం వస్తుందేమో అన్నది. చూశాక ధైర్యంతో పనేముంటుందని ఆయన అన్నాడు.

మరునాడు ఉదయం ఆమె మణికోశం గదిలో, దీపం మీట ఎదురుగా, కుర్చీ వేసుకొని కూర్చుంది. చేయి మీట దాకా వెళ్ళి ఆగింది. పిల్ల క్షమించిందని తెలిస్తే చాలు, ఎన్ని జాబులైనా రాయగలదు. క్షమించలేదని తెలిస్తే అసలు రాయనే రాయదు. ఇంతకాలం గడిచినట్టే ఇకముందూ గడిచిపోతుంది. అలా అనుకున్నప్పుడు ఆమెకు తనమీద తనకే చిన్నతనం కలిగింది.

డాక్టర్ ఖలీల్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలి మాటలు, తరువాత వచ్చే మాటలు ఒక్కటేనని చూపితే ప్రయోగానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదని, పెద్దలు చాలాకాలంగా అడుగుతున్నారని ఆమెకు తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. పక్కన మరో కుర్చీ వేసుకొన్నాడు.

"అమ్మా, ఆ దీపం ఒకసారి నేను వెలిగించినా. ఎవరికీ చెప్పలేదు. ఆ శిబిరంలోనే పనిచేసే మా అన్న నాతో పదేండ్లుగా మాట్లాడడు. ఈ కోశంలో ఆయన జవాబు కనబడింది, నాకే. ఆగలేక చదివేసినా. 'నువ్వు అడిగినావు చూడు, అది చాల్రా ఖలీలూ' అని ఉండింది."

"ఏం అడిగినారు సార్?"

"అదే తెలీదు. ఇరవై రోజులు కూర్చొని రాసినా. రాసిందల్లా ప్రవరకిచ్చి చూసినా. ఒక్కటీ కుదర్లేదు. జవాబు తెలిసినోడు అడిగేది అడగడం కాదు కదమ్మా, నాటకం. గడువు దాటినాక పలక మీద ఏమీ లేదు. మా అన్న నాతో ఎప్పుడూ అనని మాట నాకు కంఠస్థంగా ఉంది, అంతే."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. హైమవతి మీటమీద తన శాలువా కప్పి, తలుపు వేసి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కింది.

వకుళ వంటింట్లో అలసంద పప్పు రుబ్బుతూ ఉంది. అక్క చెప్పాపెట్టకుండా రావడం చూసి, కీడేమైనా జరిగిందేమోనని మొదట కంగారుపడింది. శాంభవి క్షేమమని విన్నాక మళ్ళీ పిండి దగ్గర కూర్చుంది. కోశం సంగతి, హెడర్ సంగతి హైమవతి నోటికి రానివ్వలేదు. పాపకు నిజం రాయబోతున్నానని, వకుళను కూడా రాయమని అడగడానికి వచ్చానని మాత్రం చెప్పింది.

"ఎప్పుడో నోరు కుట్టి పోయినావు. ఇప్పుడు దారం తెంపడానికి బస్సెక్కి వచ్చినావా?" అన్నది వకుళ, తల ఎత్తకుండానే.

"తెంపడానికే వచ్చినా."

"స్వామి మీద వేసిన ఒట్టు నువ్వు తీస్తే పోతుందా అక్కా?"

"వేయించింది నేను. దాని పాపం నాది. రేపు అహోబిలానికి పోయి ఆయనతోనే చెప్పుకుంటా. నువ్వు మాత్రం రాయి."

వకుళ పిండి చేతితోనే ముక్కు తుడుచుకొంది. తరువాత ఆమె మాట్లాడినదంతా మెల్లగా, చిన్న చిన్న మాటలుగా సాగింది. శాంభవి ప్రతి పుట్టినరోజుకూ పిన్ని చేసిన పాయసం తిని వెళ్ళేదని, ఆ ఒక్క పూటా తాను అమ్మనేనని లోపల అనుకొనేదని చెప్పింది. పాపను అక్క పెంచినంత బాగా తాను పెంచగలిగేది కాదని కూడా అన్నది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో హైమవతికి తేలలేదు. పాప కోపంతో ఇద్దరినీ వదులుకుంటే ఏం చేస్తావని చివరికి అడిగింది. ఏం చేస్తానో తెలియదని హైమవతి నిజమే చెప్పింది. ఏమి రాయాలో ఒకరికొకరు చెప్పుకోకూడదని ఇద్దరూ అనుకొన్నారు. వడలు తిని హైమవతి తిరుగు బస్సు ఎక్కింది. వెళ్ళేటప్పుడు చెల్లెలు ఆమె కొంగున నాలుగు వడలు మూట కట్టింది. బావకు అలసంద వడలంటే ఇష్టం.

శనివారం హైమవతి మాట ఇచ్చినట్టే అహోబిలం వెళ్ళి వచ్చింది. ఆదివారం ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి, అక్కడే కూర్చొని జాబు రాసింది. మొదట రాసినది చించివేసింది; అందులో తన కష్టాలు ఎక్కువగా ఉన్నాయి. రెండవదీ చించివేసింది, అది బదులు కోరి రాసినట్టుంది. మూడవదానిలో జరిగినది జరిగినట్టు రాసింది. పేరు పెట్టిన రోజును రాసింది, ఒట్టును రాసింది, భయాన్ని భయమనే రాసింది. నన్ను క్షమించమని రాయలేదు. ఆ మాట రాస్తే పిల్లమీద మరో బరువు పెట్టినట్టవుతుందని ఆమెకు తోచింది.

ప్రయోగశాలలో ఆ జాబును పంపుతున్నప్పుడు ఆమె తెరను ఖలీల్ వైపు తిప్పింది. ఐడీ తన కంటబడకూడదన్నది. ఆయన తెరనూ, పక్కనే ఉన్న మణికోశపు పలకనూ మార్చి మార్చి చూశాడు. పోయిందమ్మా అని మాత్రం చెప్పి, కళ్ళద్దాలు తుడుచుకొన్నాడు. వకుళ జాబు అంతకు ముందురోజే వెళ్ళిందని లెక్కలో కనబడింది.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. హైమవతి వంట చేసింది, కొండ ఎక్కింది, దిగింది. నరహరి ఆమెకు వినబడేలా రోజూ ఒక స్తోత్రం ఎక్కువగా చదివాడు. ప్రత్యుత్తరం పలకలో ఇంకా ఉందా అని ఆమె ఒకటి రెండు సార్లు అడిగింది. దాన్ని చూడకపోవడమే మేలని ఖలీల్ మాట దాటవేశాడు.

పదకొండవ రోజు సోమవారం. పది గంటల నలభై నిమిషాలైంది. పదకొండైంది. మధ్యాహ్నపు జాబులు కూడా దిగాయి. వాటిలో శాంభవి పేరు లేదు.

అప్పుడు ఖలీల్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె జాబు పంపిన క్షణంలోనే పలక మీది ప్రత్యుత్తరం చెరిగిపోయిందని చెప్పాడు. ఐడీ కుదరలేదు. ఎందుకు కుదరలేదని ఆమె అడిగింది. ఆ పదమూడు జాబులు రాసినవారు హెడర్ కూడా చూడలేదని, బదులు వస్తుందని తెలియడమే చాలు, చేయి వేరేగా రాస్తుందని ఆయన అన్నాడు.

"పంపిన రోజే చెప్పాల్సింది. చెప్తే మీరు ఈ ఎనిమిది రోజులు ఎట్లా గడుపుతారో అని నోరు రాలేదు. తప్పు నాది."

హైమవతి ఆయనను తప్పు పట్టలేదు. ఇక ఏ పలకలోనూ ఆమెకోసం ఏమీ లేదు. అందరు తల్లులూ పంపినట్టే ఆమె కూడా ఒక జాబు పంపింది. అది చేరాక ఏమవుతుందో అందరిలాగే ఆమెకూ తెలియదు. వింతగా, ఆ ఆలోచనతో ఆమెకు ఊపిరి తేలికైంది.

ఆ మధ్యాహ్నమే ఆమె ప్రవరను తెరిచి ఆరేళ్ళనాటి సూత్రం దగ్గరకు వెళ్ళింది. మొదటిది ఉంచి తక్కినది వదిలేయమన్న పంక్తిని తీసివేసింది. తల్లులు ఎందరున్నా, ప్రత్యుత్తరంలో రాసి ఉన్న వరుసలోనే అందరినీ చెప్పమని దాని స్థానంలో రాసింది. అన్ని పరీక్షలూ చేసి, సరిగా ఉందని చూసుకొని, కొంగు సర్దుకొని ఇంటికి దిగింది. ఎవరో రాస్తారని చేసిన మార్పు కాదది. అలా ఉండవలసినది గనుక చేసింది.

గురువారం ఉదయపు జాబుల్లో శాంభవి ప్రత్యుత్తరం దిగింది. ప్రవర ఏ మొరా పెట్టుకోకుండా దాని తల్లులను చెప్పింది. మొదటిది ప్రొద్దుటూరు. రెండవది హార్సిలీ కొండ. పాత సూత్రమే ఉండి ఉంటే ఈ ప్రత్యుత్తరానికి హైమవతి ఎవరూ కాకపోయేది.

ఆమె వకుళకు ఫోన్ చేసి, తాను ముందు చదువుకోకుండానే, పైకి చదవడం మొదలుపెట్టింది.

"పిన్నీ, అమ్మా,

ఎవరి పేరు ముందు రాయాలో తేలక మూడు రోజులు పోయినాయి. పిన్ని జాబు ముందు వచ్చింది కాబట్టి ఆ పేరే ముందు రాసినా. అంతకు మించి అర్థాలు తీయొద్దు, ముఖ్యంగా అమ్మా, నువ్వు.

నాకు కోపంగానే ఉంది. ఒకరిమీద పెట్టుకుంటే ఇంకొకరికి అన్యాయం, అందుకే ఇద్దరికీ ఒకే జాబు. ఇక్కడ సూర్యుడు కనబడి నలభై రోజులైంది. మీ జాబులు రెండూ పక్కపక్కన పెట్టుకొని ఎన్నిసార్లు చదివినానో లెక్క లేదు. పేరు పెట్టిన రోజు వాన పడిందని ఇద్దరూ రాసినారు. నన్ను ఒడిలో పెట్టేటప్పుడు పిన్ని చేతులు వణకనే లేదని అమ్మ రాసింది. పిన్నేమో, చేతులు వణికి పాపను జారవిడుస్తానేమో అనుకున్నానని రాసింది. ఎవరిది నిజమో నేను వచ్చినాక నా ఎదురుగా కూర్చొని తేల్చండి. పిన్నిని ఇంకేమని పిలవాలో నాకు తెలీదు. కొన్నాళ్ళు పిన్నీ అనే పిలుస్తా, అలవాటు కదా. మార్గశిరంలో ఓడ దిగుతా. ఇద్దరూ రావాల. ఒక్కరే వస్తే నేను ఓడ దిగను.

శాంభవి."

ప్రొద్దుటూరు వీధిలో పూలమ్మే ఆమె కేక ఫోన్‌లో దూరంగా వినబడింది.

"వణికినాయి అక్కా," అన్నది వకుళ చివరికి.

"నాకు కనబడలేదే."

"నీకెట్లా కనబడుతుంది? నువ్వు పాపనే చూస్తా ఉంటివి."

ఈ కథ విన్నవారి ఇళ్ళకూ, చదివి వినిపించినవారి ఇళ్ళకూ దూరాన ఉన్న బిడ్డల క్షేమవార్తలు వేళకు చేరుగాక. చెప్పవలసిన మాట గొంతులో నిలిచినవారికి వాగ్దేవి ధైర్యమిచ్చుగాక. కన్న చేతులకూ పెంచిన చేతులకూ సమానంగా శుభమగుగాక.